గుడిమల్లం పోయేవాళ్లు తిరుగు బస్సు సంగతి ముందే చూసుకోండి

తిరుమల దర్శనం అయ్యాక ఒక పూట మిగిలితే జనం శ్రీకాళహస్తికో, కాణిపాకానికో, చంద్రగిరి కోటకో బయల్దేరతారు. ఆ మూడింటికీ బస్సుల కరువు లేదు. ఏర్పేడు మండలంలో పాత శివాలయం ఉన్న పల్లె గుడిమల్లం అలా కాదు. కారుంటే తిరుపతి నుంచి గంట లోపు చేరొచ్చు. కారు లేకపోతే పూట గడిచిపోతుంది.

బస్టాండు బయట ఆటో అతను "రానూ పోనూ 1200 ఇవ్వండి సామీ, వెయిటింగు కూడా అందులోనే" అన్నాడు. ఎక్కువనిపించి బస్సులో రేణిగుంట, అక్కణ్నుంచి షేర్ ఆటోలో పాపానాయుడుపేట వెళ్లాం. అది గాజు పూసల తయారీకి పేరున్న ఊరు. ఆటో నిండితేగానీ కదలదు. మధ్యాహ్నం పూట నిండదు కూడా.

గుడి మాత్రం ఆ తిప్పలన్నీ మరిపించింది. పరశురామేశ్వరుడి గర్భాలయం మంటపం కన్నా పల్లంలో ఉంటుంది, కాస్త వంగి చూడాలి. పూజారి హారతి పట్టినప్పుడు కనబడింది. సుమారు అయిదడుగుల లింగం, దాని ముందు భాగంలో చెక్కిన వేటగాడు. ఒక చేత వెనక కాళ్లు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేత చిన్న చెంబు, భుజాన గొడ్డలి. కట్టిన బట్ట మడతలు కూడా తెలుస్తున్నాయి. పాదాల కింద ఒక యక్షుడు బరువు మోస్తూ ఉన్నాడు. క్రీ.పూ. 2-1 శతాబ్దాల నాటిదని ఎక్కువమంది పండితుల మాట. ఇంకా తర్వాతిదనేవాళ్లూ ఉన్నారు. బయట గజపృష్ఠ విమానం, అంటే ఏనుగు వీపులా గుండ్రంగా ఉండే గర్భగుడి కట్టడం, చుట్టూ తీరిగ్గా తిరిగాం. తోసేవాళ్లు లేరు, జరగమనేవాళ్లు లేరు. తిరుమల నుంచి వచ్చిన ప్రాణానికి అదే పెద్ద సుఖం.

అసలు టెన్షన్ తిరుగు ప్రయాణంలోనే. రోడ్డు పక్క మాతోపాటు ఒక పెద్దావిడ సంచి పెట్టుకుని కూర్చుంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా, ఆ మాటే కదిపాను. "టికెట్టు ఫ్రీనే నాయనా, బస్సు రావాల గదా" అంది. కుర్రాళ్లకు బైకులున్నాయి, చదువుకున్నవాళ్లు తిరుపతికో చెన్నైకో పోయారు. ఎక్కేవాళ్లు తగ్గితే బస్సు తగ్గుతుంది, బస్సు తగ్గితే ఇంకో నాలుగిళ్లు ఖాళీ అవుతాయి. ఇదే మండలంలో ఐఐటీ, సైన్సు చదువుల కేంద్ర సంస్థ ఐసర్ రెండూ ఉన్నాయంటే ఆ రోడ్డు పక్క కూర్చున్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు. చివరికి పాల క్యాన్లు తీసుకెళ్లే ఆటో ఆపితే ముగ్గురం సర్దుకున్నాం.

ఊళ్లో బసకు లాడ్జి గానీ భోజనం హోటలు గానీ మాకు కనబడలేదు. బంకులో టీ, బిస్కెట్లు దొరికాయి. కాబట్టి మకాం తిరుపతిలోనే. బస్టాండు ఎదుట శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం దేవస్థానం వసతి గృహాలు. రెండూ ప్రయాణానికి వీలైనవే గానీ రద్దీ రోజుల్లో గది దొరకడం కష్టం. మేం దిగిన ప్రైవేటు లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, 24 గంటల వేడినీళ్లు మాత్రం బోర్డు మీదే.

ముసలివాళ్లు, పిల్లలు ఉంటే బేరమాడి కారో ఆటోనో మాట్లాడుకోండి, 1200 దండగ కాదు. బస్సులోనే అనుకుంటే పొద్దున్నే బయల్దేరి, దర్శనం కాగానే ఏర్పేడు రోడ్డు పట్టుకోండి. అక్కడ హైవే మీద శ్రీకాళహస్తి నుంచి తిరుపతి పోయే బస్సులు వస్తూనే ఉంటాయి.