జాలీ గోడల గ్రౌండ్ బ్లైండ్: నాలుగు సీజన్ల తర్వాత

వేటగాడు నేల మీద దాక్కుని కూర్చునే గుడారం లాంటి ఈ బ్లైండ్ కొన్నది, సన్న చిల్లుల గుడ్డతో చేసిన దాని జాలీ గోడ కోసం. లోపల కూర్చుంటే బయటంతా కనిపిస్తుంది, బయటున్న జింకకు లోపలేమీ కనపడదు. నాలుగు సీజన్లు అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు పొలం అంచున వాడాక కూడా దీన్ని మెచ్చుకోవాలంటే ఆ గోడ గురించే చెప్పాలి. కడ్డీలు కలిసే హబ్ లాగితే విచ్చుకోవడం, సంచిలో పట్టడం అన్నింటికీ ఉన్నవే.

మామూలు బ్లైండులో రెండు కిటికీ సందుల్లోంచి కనిపించినంతే లోకం. పక్కనుంచి జింక వస్తే ఆకుల చప్పుడు వినపడేదాకా తెలియదు. తెలిసేసరికి విల్లు ఎత్తే వ్యవధి ఉండదు. ఇందులో మూడు గోడలూ జాలీయే. మొక్కజొన్న కోసిన చేలో అరవై గజాల అవతల చెవి కదిలినా తెలుస్తుంది. అది తల దించి మేస్తోందా, తోక లేపిందా, వెనక మగది వస్తోందా అని చూసుకుంటూ, చెట్టు చాటుకు వెళ్లిన క్షణంలో నారి లాగొచ్చు. విల్లుతో వేటాడేవాళ్లకు ఆ పది సెకన్ల ముందస్తు కబురు ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

ఇది పనిచేసే తీరు మన ఊళ్లలో తడిక చాటు లాంటిదే. పగలు తడిక వెనక నిలబడితే వీధంతా మనకు కనిపిస్తుంది, మనం వీధికి కనపడం. సందెవేళ లోపల దీపం పెట్టగానే వ్యవహారం తిరగబడుతుంది. జాలీ గోడకూ అదే సూత్రం: లోపల చీకటి, బయట వెలుతురు ఉన్నంతసేపే అది గోడ. లోపలి వైపు నల్లగా ఉండేది అందుకే. బట్టలు, ముసుగు, చేతి తొడుగులు కూడా నల్లవే వేసుకోవాలి. ఆకుల బొమ్మల కామో జాకెట్ ఈ లోపల ఎందుకూ పనికిరాదు. ఫోను తెర ఒక్కసారి వెలిగినా ముఖం బయటికి కనిపించేస్తుంది.

ఇక్కడే మొదటి చిక్కు. మూడు వైపులా జాలీ అంటే మూడు వైపులనుంచీ వెలుతురు లోపలికి వస్తుందన్నమాట. పొద్దు వాలాక ఎండ కుడి గోడ మీద ఏటవాలుగా పడితే, ఎడమవైపునున్న జింకకు వెలిగిన తెర ముందు కూర్చున్న మనిషి ఆకారం నల్లగా తెలుస్తుంది. కదలకపోతే కొన్నిసార్లు గడుస్తుంది, నారి లాగితే మాత్రం చెయ్యి కదలడం చూసేస్తుంది. తలుపున్న నాలుగో గోడ మామూలు గుడ్డే కాబట్టి దాన్ని వీపు వైపు ఉంచాలి. ఎండ వచ్చే పక్కన లోపలినుంచి నల్లటి మందపాటి గుడ్డను క్లిప్పులతో వేలాడదీయాలి. పొద్దున ఒక పక్క, సాయంత్రం ఇంకో పక్క. అలా చూస్తే మూడు గోడల జాలీకి డబ్బిచ్చి, ఒక పూటకు వాడేది రెండు గోడలే.

రెండో చిక్కు చలికాలానిది, అసలు బాధ కూడా ఇదే. నవంబరు మూడో వారం దాటాక, సున్నా కంటే ఏడెనిమిది డిగ్రీలు కిందికి పడిన తెల్లవారుజామున మొదటి అరగంట గోడ శుభ్రంగానే ఉంటుంది. తర్వాత పైభాగంలో, ముఖం ఎత్తున, సన్నటి తెల్లచుక్కలు మొదలవుతాయి. దగ్గరికి వంగి చూస్తే ఒక్కో దారం మీద ఉప్పురవ్వల్లాంటి మంచు పేరుకుని, చిల్లులు సగానికి సగం మూసుకుపోయి ఉంటాయి. గంట గడిచేసరికి గోడ తెల్లటి దుప్పటి. దాని మీద తొలి ఎండ పడితే ఇక అవతల చెట్టుందో చేనుందో తెలియదు. చేత్తో తుడిస్తే కరకర చప్పుడు, వేడికి కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టి గాజుపొర అవుతుంది. వేలితో తడితే గోడంతా వణుకుతుంది. జింకలు ఎక్కువ తిరిగే గంటలోనే ఇది జరుగుతుంది.

కారణం మన ఊపిరి, ఒంటి చెమట, నేల తడి. హీటర్ పెట్టినవాళ్లకు మరీ ఎక్కువ. ప్రొపేన్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఒక పౌండు సిలిండర్ మొత్తం కాలితే సుమారు ముప్పావు లీటరు నీరు గాల్లో కలుస్తుంది. వెచ్చదనం కోసం పెట్టిన హీటరే గోడను తెల్లబరుస్తోందని మొదటి చలికాలమంతా తట్టలేదు. మూసిన గుడారంలో కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం సరేసరి.

కుదిరిన మార్గం ఇది. హీటర్ మానేయాలి. బరువు జాకెట్ మోసుకెళ్లి అక్కడ వేసుకోవాలి, వేసుకుని నడిస్తే చెమటంతా లోపల ఆవిరవుతుంది. కింద ఆకులు పూర్తిగా ఊడ్చి పొడి రబ్బరు చాప పరిస్తే నేల తడీ తగ్గుతుంది, కాలి చప్పుడూ తగ్గుతుంది. ముక్కు నోరు ఉన్ని మఫ్లరుతో కప్పుకోవాలి. గాలి బయటికి పోయే పక్క కిటికీని పైన రెండు వేళ్ల మందం తెరిచి ఉంచాలి. మన వాసన అటే పోతుంది కనుక జింకలు రాని దిక్కు అటు పడేలా బ్లైండ్ వేసుకోవాలి. ఇంకా పేరుకుంటే, వేట సమయం మొదలవకముందే, చీకట్లోనే, మూడంగుళాల పొడి పెయింటు బ్రష్షుతో పైనుంచి కిందికి నెమ్మదిగా దులపాలి. ఇవన్నీ చేస్తే రెండు గంటలు చూపు నిలుస్తుంది. సున్నాకు పదిహేను డిగ్రీల కింద ఏం చేసినా లాభం లేదు.

ఈ జాలీ గోడ చూడ్డానికే. దానిలోంచి బాణం వేయకూడదు. కిటికీలకు విడిగా వచ్చే పల్చటి తెరలోంచి వేయొచ్చు, అదీ కదలని బ్లేళ్ల బ్రాడ్‌హెడ్ (వేట బాణం మొన)తోనే. విచ్చుకునే రకం తెర తగలగానే తెరుచుకుని దారి తప్పుతుంది. తెర తీసేసి ఖాళీ కిటికీలోంచి వేయడమే మేలు.

అప్పుడూ ఒక మోసం ఉంది. చూపు కంటే బాణం మూడు నాలుగు అంగుళాలు కింద ఉంటుంది. విల్లు మీద గురి చూసే పిన్ను జింక మీద స్పష్టంగా కనిపిస్తున్నా బాణం కిటికీ కింది అంచును చీల్చుకుపోతుంది. బాణానికి, అంచుకు మధ్య ఆరంగుళాలు ఖాళీ ఉండేలా కుర్చీ ఎత్తు సరిచేసుకుని, పెరట్లో బ్లైండు లోపలినుంచే సాధన చేయాలి. విల్లు పైకొసనున్న చక్రం, అంటే క్యామ్, కప్పుకు తగులుతుందేమో, విల్లు కింది బద్ద, అంటే లింబ్, మోకాలికి తగులుతుందేమో అప్పుడే తెలిసిపోతుంది. లోపలి చీకట్లో ఫైబర్ పిన్నులు మసకబారతాయి, నారికి ఉండే, కన్ను పెట్టి గురి చూసే పీప్ పావు అంగుళం రంధ్రం ఉన్నదైతే నయం.

తడిమంచు కురిస్తే కప్పు హబ్ లోపలికి తిరగబడి కడ్డీ విరుగుతుంది. ఒకటి అలాగే పోయింది. హబ్ కింద ఒక కర్ర నిలబెడితే ఆగుతుంది. తుపాకీ సీజనులో విస్కాన్సిన్ సహజ వనరుల శాఖ (డీఎన్ఆర్) భూముల్లో అయితే బ్లైండ్ మీద 144 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ మెరుపు రంగు నాలుగు దిక్కులకూ కనపడేలా ఉండాలి. అది కట్టి జాలీ మూసేయకండి.

మంచె ఎక్కడం అలవాటైనవాళ్లకు, రోజూ మోసుకెళ్లి మోసుకొచ్చేవాళ్లకు ఇది దండగ. రెండు మూడు వారాల ముందే వేసి, మొక్కజొన్న కంకిదంట్లతో చుట్టూ కప్పి, జింకలకు అలవాటు చేసే చోటు ఉన్నవాళ్లకైతే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దీనికి సాటి లేదు. క్రాస్‌బో వాళ్లకు నారి లాగే కదలిక లేదు కనుక నా ఫిర్యాదుల్లో సగం వర్తించవు. మళ్లీ కొనాల్సి వస్తే, ఎదుట, ఎడమపక్క మాత్రమే జాలీ ఉన్నది తీసుకుంటాను. నా చేలో జింకలు వచ్చేది ఆ రెండు వైపులనుంచే.