ఒక రోజు ముందే పరిగెత్తిన షమ్సీ తేదీల యాప్

ఈ యాప్ పేరు రాసి గొడవ పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఇరానీ తేదీని ఇంగ్లీషు తేదీలోకి మార్చే ఉచిత యాప్ అనుకోండి, చాలు. టెహ్రాన్‌లో దిగిన వారానికే ఫోన్‌లో వేసుకున్నాను. ఇక్కడ పాల ప్యాకెట్ నుంచి కరెంటు బిల్లు దాకా అన్నిటి మీదా షమ్సీ తేదీలే, అంటే ఇరాన్ సౌరమాన క్యాలెండర్ తేదీలు. అవీ ఫార్సీ అంకెల్లో. 5 చూస్తే తలకిందులైన గుండె బొమ్మలా ఉంటుంది. 2కి ఒక గాటు, 3కి రెండు గాట్లు. కళ్లజోడు లేకపోతే రెండూ ఒకటే నాకు.

మొదటి ఏడాది దీని మీద ఒక్క ఫిర్యాదు లేదు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది, ప్రకటనలు తక్కువ. ఇరాన్ విప్లవం గెలిచిన రోజు, 22 బహ్మన్ 1357, కొట్టి చూశాను. 1979 ఫిబ్రవరి 11 అని టక్కున చెప్పింది. చేత్తో లెక్క కట్టేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. షమ్సీ సంవత్సరానికి 621 కలిపితే 1978 వస్తుంది. కానీ ఏడాది మొదలయ్యేది మార్చిలో కదా, జనవరి 1 నుంచి 622 కలపాలి.

అసలు గొడవ 1404లో వచ్చింది. పంటి డాక్టరు దగ్గర ఇచ్చిన చీటీ మీద 1404/2/1 అని ఉంది. అంటే ఒర్దీబెహెష్త్ 1. యాప్ ఏప్రిల్ 20 అంది. దవడ పట్టుకుని, ఆఫీసులో సెలవు అడిగి మరీ వెళ్తే, కౌంటర్‌లో అమ్మాయి చీటీ చూసి నవ్వి "ఫర్దా, ఆగా" అంది. రేపు రమ్మని. చీటీ మూలన దోషంబే, అంటే సోమవారం అని కూడా రాసి ఉంది, నేను చూస్తేగా! వెళ్లింది ఆదివారం. ఇంకో రాత్రి లవంగాలతో గడిచింది.

ఇంటికొచ్చి యాప్ సెట్టింగులన్నీ తిరగేశాను. అన్నిటికంటే అడుగున "లెక్క పద్ధతి" అని ఒకటుంది. అందులో 2820 ఏళ్ల చక్రం అనే దానికి, అంటే లీపు ఏడాదులను ముందే కట్టేసిన లెక్కతో వేసే పద్ధతికి, టిక్ పెట్టి ఉంది. దొంగ అక్కడ దొరికాడు. ఈ క్యాలెండర్‌లో లీపు ఏడాదిని నాలుగేళ్లకోసారి అని కళ్లు మూసుకుని వేయరు. వసంత విషువత్తు, అంటే సూర్యుడు భూమధ్యరేఖ దాటే క్షణం, ఇరాన్ సమయం ప్రకారం మధ్యాహ్నం 12 లోపు పడితే ఆ రోజే నౌరూజ్, అంటే కొత్త ఏడాది మొదటి రోజు. 12 దాటితే మర్నాడు. 2025 మార్చి 20న ఆ క్షణం మధ్యాహ్నం 12 గంటల 31 నిమిషాలకు వచ్చింది. అరగంట తేడాతో నౌరూజ్ 21కి జరిగింది, 1403లో చివరి నెల ఎస్ఫంద్‌కి 30వ రోజు దక్కింది. చక్రం లెక్కకి ఈ అరగంట సంగతి తెలియదు. అది లీపు రోజుని 1403కి బదులు 1404 చివర పెట్టింది. దాంతో 1404 మొత్తం, ఏ షమ్సీ తేదీ కొట్టినా ఒక రోజు ముందటి ఇంగ్లీషు తేదీనే చూపిస్తుంది. 1405 నౌరూజ్‌కి మళ్లీ ఏమీ ఎరగనట్టు సర్దుకుంటుంది. అందుకే చాలామందికి ఇది దొరకదు.

"ఖగోళ పద్ధతి"కి మార్చాక తేదీలు సరిగ్గా వస్తున్నాయి. మరి సరైనది చేతిలో ఉంచుకుని తప్పుదాన్ని ముందు పెట్టడం ఏమిటో! మీ దగ్గర ఏ యాప్ ఉన్నా 2025 మార్చి 20 కొట్టి చూడండి. 30 ఎస్ఫంద్ 1403 రావాలి. 1 ఫర్వర్దీన్ 1404 అని వస్తే ఆ యాప్‌ని నమ్మకండి.

ఇంకో లోపం. పాత నాణెం ఒకటి దొరికింది, దాని మీద 2536 అని ఉంది. షా కాలంలో 1976 నుంచి 1978 దాకా సంవత్సరాలను షాహన్‌షాహీ, అంటే రాచరికపు లెక్కలో వేశారు. 1180 తీసేస్తే షమ్సీ 1356. ఈ యాప్‌కి ఆ ఊసే తెలియదు, 2536 కొడితే తడుముకోకుండా 3157వ సంవత్సరం అని చూపించింది. కనీసం ఒక హెచ్చరికైనా ఇవ్వొద్దా?

అఫ్గాన్ నెలల పేర్లు పెట్టడం మాత్రం నచ్చింది. హమల్, సౌర్, జౌజా అని వరసగా వస్తాయి. మన మేషం, వృషభం, మిథునమే. ఫర్వర్దీన్, ఒర్దీబెహెష్త్ కంటే నాకు ఇవే తేలిగ్గా గుర్తుంటున్నాయి.

ఐదుకి రెండున్నర ఇస్తున్నాను, సెట్టింగ్ మార్చుకుంటే మూడున్నర. నేనైతే ఎంగెలాబ్ వీధిలో ఒక సర్‌రెసీద్ కొనుక్కున్నాను. రోజుకో పేజీ ఉండే డైరీ, ప్రతి పేజీ మీదా షమ్సీ, ఇంగ్లీషు, చంద్రమాన హిజ్రీ తేదీలు మూడూ అచ్చేసి ఉంటాయి. డాక్టరు చీటీలు ఇప్పుడు అందులోనే పెడుతున్నాను.