ఎండాకాలం తిరుపతి: లాడ్జి మంట, గుడిమల్లం చల్లదనం

రోజూ దీపం పెడుతూనే ఉన్నాను కానీ కొన్ని నెలలుగా మనసు అందులో నిలవడం లేదు. తిరుపతి వెళ్లొస్తే కుదుటపడతానని మా ఆవిడ పట్టుబట్టింది. అదీ మే నెలలో.

ముందు లాడ్జి సంగతి చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. రైల్వే స్టేషనుకు దగ్గర్లోనే. ఫోనులో ఏసీ గది 1,600 రూపాయలన్నారు, సామాను దించేసరికి 1,900 అయింది. "సెలవుల రద్దీ కదా సార్" అన్నాడు కౌంటరు దగ్గర మనిషి. ఏసీ రిమోటుకు 200 డిపాజిట్, బకెట్టు వేడినీళ్లకు 40. ఇరవై నాలుగు గంటల అద్దె అని చెప్పి, మర్నాడు పొద్దున పదింటికే తలుపు బాదారు. డిపాజిట్ అడిగితే చిల్లర లేదట! "హుండీలో వేశామనుకోండి" అంది మా ఆవిడ. ఆ హుండీ కొండమీద కదా ఉండాలి? డబ్బు కట్టేముందు అద్దె గంటలు రసీదు మీద రాయించుకోండి.

తిరుమలలో 300 రూపాయల దర్శనం సాఫీగా జరిగింది. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేడన్నం, సాంబారు, చక్కెర పొంగలి, పైసా ఖర్చు లేకుండా. కడుపు నిండింది, మనసు మాత్రం అలాగే ఉంది. కపిలతీర్థానికి వస్తే జలధార కూడా లేదు, బండ మీద తడి చార తప్ప.

మర్నాడు ఏర్పేడు మండలంలోని గుడిమల్లం వెళ్లాం. ఆటోకు రానుపోను 1,100. పరశురామేశ్వరుడి గర్భగుడి నేలమట్టానికి దిగువన ఉంటుంది. దాదాపు ఐదడుగుల లింగం ముందు భాగంలోనే చెక్కిన శివుడు నిలబడి ఉంటాడు, ఒక చేత పొట్టేలు, మరో చేత చిన్న పాత్ర, భుజాన గొడ్డలి, పాదాల కింద యక్షుడు. క్రీస్తుకు పూర్వం నాటిదని చాలామంది పండితుల మాట. అరవై ఏళ్లకోసారి గర్భగుడిలోకి నీరు ఉబికి వస్తుందని, 2005లో అలా వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. తోసేవాళ్లు లేరు, తరిమేవాళ్లు లేరు. పూజారిగారు హారతిచ్చి, "తొందరేముంది, కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. ఏమీ కోరుకోవాలనిపించలేదు, లేవాలనీ అనిపించలేదు.

పొద్దున్నే వెళ్లండి, తిండీ నీళ్లూ వెంట తీసుకెళ్లండి. మాకక్కడ టీ కూడా దొరకలేదు, మా ఆవిడకు తలనొప్పి పట్టుకుంది.

ఆలస్యమైందని ఆటో అబ్బాయి మరో 150 అడిగాడు. బేరమాడకుండా ఇచ్చేశాను. వడదెబ్బ తగిలిందేమోనని మా ఆవిడ నా నుదురు పట్టి చూసింది.