మౌత్ కా కువా: ఎక్కడ నిలబడి చూడాలి, ఎప్పుడు మానుకోవాలి

1938 నుంచి నడుస్తున్న హైదరాబాద్ ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో అందరూ జెయింట్ వీల్ వైపే పరిగెడతారు. భయం సరదాగా ఎలా మారుతుందో తెలియాలంటే మాత్రం మౌత్ కా కువా, అంటే మృత్యుబావి, మెట్లే ఎక్కాలి.

చెక్క పలకల్ని ఇనుప చట్రాలకు బోల్టులతో బిగించిన గుండ్రని గోడ అది. బైకు ముందు నేల మీద చుట్లు కొట్టి, ఏటవాలు అంచెక్కి, అక్కణ్ణుంచి నిలువు గోడ పట్టుకుంటుంది. 10 మీటర్ల వ్యాసమున్న బావిలో గంటకు సుమారు 30 కిలోమీటర్లకు తగ్గితే టైరు జారుతుంది. 40 దగ్గర నడిపేవాడి మీద అతని బరువుకు దాదాపు రెండున్నర రెట్ల ఒత్తిడి పడుతుంది. ఆ స్థితిలో హ్యాండిల్ వదిలేసి నడపడం నిజంగా గొప్ప విద్య. హెల్మెట్ లేకుండా నడిపించడం మాత్రం అస్సలు నచ్చని విషయం.

కారు గోడెక్కగానే పైన మనం నిలబడ్డ గ్యాలరీ ఊగుతుంది. అసలు ఆట అక్కడే. ప్రమాదం కిందివాడిది, వణుకు మన పాదాలది. గుండె దడదడలాడుతుంది, కానీ మనం క్షేమమని బుద్ధికి తెలుసు. డెన్మార్క్‌లోని వైలే దగ్గర సరదాగా భయపెట్టడానికి నడిపే ఒక భూతాల ఇంట్లో 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. భయం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా సరదా తగ్గింది, మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువ ఆనందించారు.

ఇక్కడ ఆ మోతాదు మన చేతుల్లోనే ఉంది. కటకటాల దగ్గర నిలబడితే చక్రం మొహం మీదికొస్తున్నట్టు ఉంటుంది. అది ఎక్కువైతే ఒక అడుగు వెనక్కి వేస్తే చాలు. ఇది ఆటని ఇంకా తెలియని చిన్నపిల్లలకు మిగిలేది ఉత్త భయమే, వాళ్లను తీసుకెళ్లకండి. మిగతా పిల్లలకు చెవుల్లో దూది పెట్టండి, సైలెన్సర్ల మోత అంతుంటుంది.

గోడ మీద బండి నడిపేవాడికి డబ్బు నోటు అందించాలనుకుంటే చెయ్యి కదలనివ్వకండి. చివర్లో వెనక్కి లాగితే అతను అందుకోబోయి దారి తప్పుతాడు. గోడ పైఅంచున కట్టిన తీగ దాటి వంగొద్దు. చినుకులు పడి పలకలు తడిసిన రోజు టికెట్ కొనకండి, టైరుకు పట్టు దొరకదు. గ్యాలరీలో జనం కిక్కిరిసి, బండి తిరగనప్పుడు కూడా కటకటాలు కదులుతుంటే వెంటనే దిగిపోండి.