జెల్ ప్లేట్: ఇంట్లో పోసుకోవాలా, కొనుక్కోవాలా?

జెల్ ప్లేట్ అంటే పైన రంగు పరిచి, ఆకుల్లాంటివి పెట్టి, కాగితం నొక్కి ప్రింట్లు తీసుకునే మెత్తటి జెల్లీ పలక. నేను శ్రీకాకుళంలో ఉంటాను. ఒట్టి జెలటిన్ ప్లేటు, గ్లిజరిన్ కలిపిన ప్లేటు, బయట కొన్న ప్లేటు, మూడింటి మీదా ప్రింట్లు తీశాను. మన ఎండల్ని లెక్కలో పెట్టుకుని చెబుతున్నాను.

జెలటిన్, నీళ్లు కలిపి ఫ్రిజ్‌లో గడ్డకట్టించేది అన్నిటికన్నా చవక. తాటిముంజులా మెత్తగా ఉంటుంది, ఆకు పెడితే సన్నని ఈనె కూడా కాగితం మీదికి వచ్చేస్తుంది, ఆ అందం మిగతా రెండింటిలో నాకు అంతగా కనిపించలేదు. కానీ జెలటిన్ 30, 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. మే నెలలో మన గదుల్లోనే అంత వేడి ఉంటుంది కదా. నేను మొదటిసారి చేసింది సరిగ్గా మేలోనే. నాలుగు ప్రింట్లు తీసేసరికి అంచులు జారిపోయాయి, మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రానికి ట్రే నిండా నీళ్లే, నిజంగా ఏడుపొచ్చింది. కరెంటు ఉన్నా కొద్ది రోజుల్లో బూజు పడుతుంది. చలికాలంలో పిల్లలతో ఒక ఆదివారం గడపడానికైతే చేసుకోండి.

నా ఓటు గ్లిజరిన్ కలిపినదానికే. గ్లిజరిన్, నీళ్లు సమానంగా తీసుకుని, రెండూ కలిపి ఒక కప్పు అయితే నాలుగు పెద్ద చెంచాల జెలటిన్ వేయాలి. ముందు పొడిని గ్లిజరిన్‌లో ఉండల్లేకుండా కలిపి, తర్వాత వేడినీళ్లు పోసి, ఆ గిన్నెను ఇంకో వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించండి; నేరుగా పొయ్యి మీద మరిగిస్తే పట్టు పోతుంది. ట్రేలో పోయగానే పైన తేలిన నురగను పాత పేపరు ముక్కతో పక్కకి లాగేయాలి, ఒక్క బుడగ మిగిలినా ప్రతి ప్రింటులో గుండ్రటి మచ్చ పడుతుంది. మా అమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి "ఏటే ఇది, జున్నా?" అంది. ఇది నెలల తరబడి నిలుస్తుంది, గీతలు పడితే మళ్లీ కరిగించి పోసుకోవడమే. ఎండాకాలం మధ్యాహ్నాలు మెత్తబడుతుంది కాబట్టి పొద్దున్నే పని చేసుకోండి.

ఒక్క విషయం, జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి తీస్తారు. శాకాహారుల ఇల్లయితే వంటగిన్నె తీసే ముందే ఇంట్లో చెప్పండి. బదులుగా సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్‌తో ప్రయత్నించాను, ఎండకి కరగలేదు గానీ కాగితం లాగగానే చిట్లిపోయింది.

అలాంటి ఇళ్లకి కొన్న ప్లేటే మేలు. అది మినరల్ ఆయిల్‌తో చేసిన సింథటిక్ సరుకు, మన ఎండకి కరగదు, జాగ్రత్తగా వాడితే ఏళ్లు వస్తుంది. దాంతో వచ్చిన ప్లాస్టిక్ షీట్ల మధ్యే దాచాలి. ఖరీదు ఎక్కువ, అందుకే మిగతావాళ్లు వారం వారం ప్రింట్లు తీసే అలవాటు పడ్డాకే కొనండి.

ఏ ప్లేటైనా అక్రిలిక్ రంగు కొంచెమే వేసి, రోలర్‌తో పలచగా పరిచి, ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే కాగితం వేసేలోపే ఆరిపోతుంది. మొదటి ప్రయోగానికి జీడిమామిడి ఆకు తీసుకోండి, మన పలాస వైపు కావలసినన్ని దొరుకుతాయి. ఈనెలు కిందికి ఉండేలా పెట్టి ఒక కాగితంతో నొక్కితే ఆకు చుట్టూ ఉన్న రంగు వచ్చేస్తుంది. ఆకు తీసేసి వెంటనే ఇంకో కాగితం వేయండి. ఈనెలన్నీ ఆ రెండోదాని మీదే పడతాయి.