ముసలి లాబ్రడార్‌కు ఒళ్లు పట్టడం: రెండేళ్లు దాటిన వాడకం తర్వాత

బెంగళూరులో పెంపుడు కుక్కలకు మర్దన చేస్తామంటూ ఇంటికి వచ్చేవాళ్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్లలోనే ఇద్దరు ముగ్గురు చేయించుకుంటున్నారు. కండరాలకూ, కీళ్లకూ, రక్తప్రసరణకూ, మనసుకూ, చివరికి ఒంట్లోని విషాలు పోవడానికి కూడా ఇది మంచిదని వారి ప్రకటనలు చెబుతాయి. తుంటి కీళ్లు అరిగిన మా ముసలి లాబ్రడార్ చిట్టికి మొదట మనిషిని పిలిపించి చేయించి, ఆ తర్వాత నేర్చుకుని నేనే చేస్తున్నాను. ఇన్నాళ్ల వాడకం మీద నాకు తోచిందేమిటంటే, ఆ జాబితాలో సగం మాత్రమే నిజం, అన్నిటికన్నా పెద్ద లాభం అందులో లేనే లేదు.

ముందు నిజమైన సగం గురించి చెబుతాను. కుక్క నిలబడినప్పుడు దాని బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. వెనక కాళ్లు నొప్పిగా ఉన్న కుక్క ఇంకొంత బరువును ముందుకు తోసుకుని నడుస్తుంది కాబట్టి, జబ్బు తుంటిలో ఉన్నా బిగుసుకుపోయేవి భుజాలూ, మెడా, నడుమూ. మర్దన పనిచేసేది ఆ బిగువు మీదే. అరిగిన మృదులాస్థి ఎవరి చేతి మహిమ వల్లా తిరిగి రాదు. కానీ చుట్టూ ఉన్న కండరం సడలితే కుక్క కాలును కాస్త ఎక్కువ చాచి అడుగు వేయగలదు. చలికాలపు పొద్దుల్లో చిట్టి లేవడానికి ముందుకాళ్లతో నేలను పట్టుకుని వెనక భాగాన్ని ఈడ్చుకునేది. పడుకోబోయే ముందు ఒళ్లు పట్టిన మర్నాడు ఆ ఈడ్పు తక్కువగా ఉంటుంది. ఈ మేలు నిలిచేది ఒకటి రెండు రోజులే. నిజం చెప్పాలంటే, నున్నటి టైల్స్ మీద రబ్బరు చాపలు పరిచాక కనిపించిన తేడా ఇంతకన్నా పెద్దది, బరువు తగ్గించాక కనిపించినది ఇంకా పెద్దది.

చేసే పద్ధతిలో పెద్ద రహస్యం లేదు. కుక్కను చాప మీద పక్కకు పడుకోబెట్టి, మెడ దగ్గర నుంచి తోక మొదలు వరకు అరచేతితో నెమ్మదిగా దువ్వినట్టు నిమరాలి. చేయి వెన్నెముకకు పక్కనున్న కండరం మీద నడవాలి తప్ప ఎముక మీద కాదు. నాలుగైదు సార్లు నిమిరాక ఒళ్లు వెచ్చబడుతుంది. అప్పుడు భుజం కండరాన్నీ, తొడ కండరాన్నీ వేళ్ల మధ్య పట్టి, మెల్లగా పిసికి వదలాలి. వాచిన కీలును నేరుగా నొక్కకూడదు. పావుగంట చాలు. చిట్టి భుజం వెనక ఒక చోట వేలు ఆనితే చర్మం జలదరిస్తుంది, తల తిప్పి నా చేతి వంక చూస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గించాలని అర్థం. పెదవులు నాక్కోవడం, పదే పదే ఆవులించడం కూడా చాలా సార్లు ఇబ్బందికి గుర్తులే. దీర్ఘంగా ఊపిరి వదిలి, వెనక కాలు దానంతటదే చాచిందంటే దారి సరైనదే.

నూనె అవసరం లేదు. మా అత్తగారు మొదట్లో కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె తెచ్చి, “పసిపిల్లలకు రాయలేదా, దీనికి రాస్తే ఏమవుతుందమ్మా?” అన్నారు. కర్పూరం కుక్కలకు విషం, ఒంటికి రాసినదాన్ని అవి నాకకుండా ఉండవు. మనం వాడే నొప్పి జెల్‌లలోని డైక్లోఫెనాక్ కూడా వాటి కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఆ సీసా ఇప్పుడు అత్తగారి మోకాళ్లకే పరిమితం.

ఇక మనసు సంగతి. దక్షిణాఫ్రికాలో ఓడెండాల్, మైన్‌ట్జెస్ అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషి కుక్కను ఆప్యాయంగా నిమిరి మాట్లాడినప్పుడు ఇద్దరి రక్తంలోనూ అనుబంధంతో ముడిపడిన ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరిగింది. అది మర్దన మీద చేసిన పరీక్ష కాదు, మామూలు నిమరడమే. అంటే ఈ లాభం కోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. విషాలు పోతాయన్న మాటను మాత్రం నేను నమ్మను. ఆ పని కాలేయానిది, మూత్రపిండాలది.

ఎవరూ చెప్పని లాభం ఏమిటంటే, చేతికి ఆ ఒళ్లు కంఠతా వస్తుంది. లాబ్రడార్ బొచ్చు దట్టం, కళ్లకు కనిపించనివి వేళ్లకు తగులుతాయి. చెవుల వెనకా, కాలి వేళ్ల సందుల్లోనూ పిడుదులు నాకు దొరికింది ఇలాగే. ఎర్లిషియా జ్వరం కుక్కలకు అంటేది వాటి వల్లనే కనుక ఇది చిన్న విషయం కాదు. పక్కటెముకల మీద నిన్నటిదాకా లేదనిపించిన మెత్తటి గడ్డ ఒకటి ఒక రాత్రి చేతికి తగిలింది. డాక్టరు గారు సూదితో కణాలు తీసి పరీక్షించి, కొవ్వు గడ్డేనని తేల్చారు. ఒక తొడ కండరం రెండోదానికన్నా సన్నబడుతోందని తెలిసిందీ చేతికే. ఆ మాట చెప్పాక ఆయన నడక వ్యాయామం మార్చారు.

జ్వరం, పుండ్లు, చర్మవ్యాధి, ఎముక విరగడం, వెన్నుపూసల డిస్కు జబ్బు, క్యాన్సర్ గడ్డ, వీటిలో ఏది ఉన్నా డాక్టరును అడగకుండా చేయి వేయకూడదు. కుంటుతున్న కుక్కకు ముందు ఎక్స్‌రే, తర్వాతే మర్దన. మా ఇంటికి వచ్చిన ఒకాయన నెల రోజులు తన చేత చేయిస్తే నొప్పి మాత్రలు మానేయవచ్చని చెప్పాడు. ఆయన్ను మళ్లీ పిలవలేదు. ఆ తర్వాత వచ్చినావిడ పశువైద్యుడి కాగితాలు చూపించమని అడిగి, ప్రతి పట్టునూ నా చేత చేయించి దిద్దింది. డబ్బు పెట్టేటట్టయితే ఇలాంటివారికి రెండు మూడు పాఠాలకు ఇవ్వడం మేలు, ప్రతి వారం పిలిపించుకోవడం దండగ. ముట్టుకుంటే బెదిరే కుక్కకైతే అదీ వద్దు.