యాసిడ్ క్యాన్లు: ఏడాది వాడకం తర్వాత

నెల్లూరు జిల్లాలోని మా రొయ్యల హేచరీలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ నిల్వకు 35 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లను ఏడాదిగా వాడుతున్నాము. ప్రమాదకర సరుకుల రవాణాకు తగిన పరీక్షలు నెగ్గినట్లు తెలిపే ‘3హెచ్1/వై’ అన్న ఐక్యరాజ్యసమితి గుర్తు అచ్చయి ఉన్నందునే వీటిని ఎంచుకున్నాను. ‘3హెచ్1’ అంటే పైభాగం ఊడిరాని ప్లాస్టిక్ క్యాను. ‘వై’ అంటే మధ్యస్థ, తక్కువ ప్రమాదమున్న ద్రవాలకు సరిపడే పరీక్ష నెగ్గినట్లు. సాధారణంగా నింపిన క్యానును మైనస్ 18 డిగ్రీలకు చల్లబరిచి 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడవేసినా కారకూడదు, 40 డిగ్రీల వేడిలో 28 రోజులు పైబరువు మోసినా కుంగకూడదు. మన రోహిణి కార్తె ఎండలకు ఈ రెండో పరీక్షే ముఖ్యమని నా అభిప్రాయం. గోడలు గట్టివే గాని, మూతలోని వాషరు ఆరు నెలలకే బిరుసెక్కి ఆవిరి బయటికొచ్చింది. అమ్మిన దుకాణం మార్చి ఇవ్వలేదు. తయారైన ఐదేళ్ల తర్వాత ఇటువంటి క్యాన్లను ప్రమాదకర ద్రవాల రవాణాకు సాధారణంగా అనుమతించరు కనుక, కొనేముందు క్యానుపై అచ్చయిన తయారీ తేదీని చూడండి.